పోస్టర్ మీద మంచు బాగుంది, అడుగు పొర సంగతేంటి?
(హిమాలయ ట్రెక్కులు నడిపే తెలుగు బృందాల నిర్వాహకులకు బహిరంగ లేఖ)

హైదరాబాద్, విజయవాడ, విశాఖ, బెంగళూరు నుంచి ఏటా మనవాళ్లను హిమాలయాలకు తీసుకెళ్తున్న నిర్వాహకులందరికీ నమస్కారం.

చలికాలం బ్యాచ్‌ల పోస్టర్లు మొదలయ్యాయి. కేదార్‌కాంత, బ్రహ్మతాల్, కువారీ పాస్, దయారా బుగ్యాల్. క్రిస్మస్ సెలవులకు ఒక బ్యాచ్, కొత్త సంవత్సరానికి ఒకటి, సంక్రాంతికి రెండు. మోకాలి లోతు మంచులో చేతులు చాపి నిలబడ్డ అమ్మాయి ఫొటో, కింద 'స్నో గ్యారంటీ' అని పెద్ద అక్షరాలు. ఆ ఫొటో చూసి డబ్బు కట్టేవాళ్లలో చాలామంది జీవితంలో మొదటిసారి మంచు మీద అడుగు పెట్టబోతున్నవాళ్లు. ఇందులో తప్పేమీ లేదు. లంబసింగిలో గడ్డి మీద కాస్త తెల్లగా కనబడితేనే కార్లు కట్టుకుని పోయే జనం మనం. అందుకే మంచు గురించి మాకు తెలియాల్సింది ఏదైనా ఉంటే అది మీ నోటి నుంచే రావాలి.

బ్యాచ్‌లో చేరగానే వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా పెడతారు. థర్మల్స్ రెండు జతలు, ఉన్ని సాక్సులు, గైటర్లు, హెడ్‌ల్యాంప్, డ్రై ఫ్రూట్స్. ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి మీలో చాలామంది ఇప్పుడు బాగానే చెబుతున్నారు. క్యాంపులో పొద్దున, సాయంత్రం ఆక్సీమీటర్ పెట్టి చూస్తున్నారు, నంబరు పడిపోతే కిందికి పంపేస్తున్నారు. ఒకప్పుడు ఇంత శ్రద్ధ లేదు, ఈ మెచ్చుకోలు మీకు దక్కాల్సిందే. అదే శ్రద్ధ కాళ్ల కింద ఉన్న మంచు మీద ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. నిన్న రాత్రి ఎంత కురిసింది, గాలి ఎటు నుంచి వీచింది, రేపు దాటబోయే వాలు ఎన్ని డిగ్రీలు, దాని పైన ఏముంది? నేను కూర్చున్న బ్రీఫింగ్‌లలో ఈ మాటలు వినబడలేదు. నోరు తెరిచి అడిగితే వచ్చిన జవాబు ఒకటే: "టెన్షన్ పడకండి సార్, ఈ దారిలో ఇంతవరకు ఏమీ కాలేదు."

ఏమీ కాకపోవడం జవాబు కాదు. నూరు సార్లు దాటినా జారని వాలు, గట్టిగా ఉండి జారలేదా, మన టైమ్ బాగుండి జారలేదా అన్నది ఆ నూరు సార్లూ మనకు చెప్పవు.

మన తీరానికీ హిమాలయ మంచుకీ ఏం సంబంధం అనుకునేవాళ్లు 2014 అక్టోబరును ఒకసారి గుర్తు చేసుకోవాలి. 12వ తేదీన హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. కూకటివేళ్లతో లేచిపోయిన చెట్లు, చెల్లాచెదురైన విమానాశ్రయం, రోజుల తరబడి కరెంటు లేని ఇళ్లు... మనకు గుర్తున్నది అంతవరకే. తుపాను అక్కడితో ఆగలేదు. బలహీనపడుతూ ఉత్తరానికి పోయి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో 14వ తేదీన మంచై కురిసింది. అక్టోబరు అక్కడ ట్రెక్కింగ్‌కి మంచి సీజన్. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటుతున్నవాళ్లు ఆ గాలిమంచులో దారి తప్పారు. చుట్టుపక్కల కొండల్లో మరికొందరి మీద మంచు చరియలు విరిగిపడ్డాయి. మొత్తం 43 మంది పోయారు. వాళ్లలో విదేశీ ట్రెక్కర్లున్నారు, నేపాలీ గైడ్లున్నారు, జడలబర్రెలు మేపుకునేవాళ్లూ ఉన్నారు. ఆంధ్ర, ఒడిశా తీరాల్లో లక్షల మందిని ముందే ఖాళీ చేయించిన తుపాను అది. రెండు రోజుల తర్వాత కనుమ ఎక్కుతున్న చాలామందికి దాని కబురే అందలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని ఇక్కడ టీవీలో చెబుతుంటే, నేపాల్‌లో ఉన్న మీ బ్యాచ్‌కి ఆ ముక్క చేరవేసే బాధ్యత ఎవరిది? మీ ఆఫీసులో ఎవరికైనా ఆ పని అప్పజెప్పారా?

ఇక అసలు విషయం, మంచు లోపల ఏముంటుందన్నది. ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మీలో కొందరికి తెలిసిందే అయినా, డబ్బు కట్టేవాళ్లకు తెలియదు.

చలికాలంలో పశ్చిమం నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లనే వాతావరణ అలజడుల వల్ల ఉత్తరాఖండ్, హిమాచల్, కశ్మీర్‌లలో మంచు కురుస్తుంది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా ఒక పొర. మధ్యలో ఎండ కాస్తే పై భాగం కరిగి, రాత్రికి గడ్డకట్టి, గాజు పెంకులాంటి పొర ఏర్పడుతుంది. గాలి వీస్తే ఒక వైపు మంచును ఎత్తుకుపోయి గట్టుకు అవతలి వైపు పేరుస్తుంది. కురిసే వేగానికి ఎన్నో రెట్ల వేగంతో అక్కడ మంచు పోగవుతుంది, ఆకాశంలో ఒక్క మబ్బు లేకపోయినా సరే. జనవరిలో మనం నిలబడే వాలులో నవంబరు నుంచి జరిగినదంతా వరస తప్పకుండా ఉంటుంది.

ఇందులో అందరినీ మోసం చేసేది అడుగు పొర. సీజన్ మొదట్లో కొద్దిగా కురిసి, ఆ తర్వాత వారాల తరబడి ఆకాశం తేటగా ఉండి, రాత్రుళ్లు విపరీతంగా చల్లబడ్డాయనుకోండి. నేలను ఆనుకున్న చోట ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఉంటుంది, పై భాగం మైనస్ పదిహేనుకు దిగిపోతుంది. మధ్యలో ఉన్నది రెండు జానల మంచే. పది సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే చాలు, కింది నుంచి ఆవిరి పైకి పాకుతూ మంచు రేణువుల ఆకారాన్నే మార్చేస్తుంది. ఒకదాన్నొకటి పట్టుకోని పలుకులు తయారవుతాయి. పారతో నిలువుగా ఒక గుంత తవ్వి చూస్తే ఇది కళ్లకు కనబడుతుంది. పైనున్న గట్టి పొర నిట్టనిలువుగా నిలబడే ఉంటుంది. అడుగున గ్లౌజు వేళ్లు పెట్టి గీకితే మాత్రం పంచదారలా జలజలా రాలిపోతుంది. పిడికిట్లో పట్టి ఎంత నొక్కినా ఉండ కట్టదు. దాని మీద జనవరిలో రెండడుగుల కొత్త మంచు పడి, గాలికి బిగుసుకుని పలక కట్టిందనుకోండి, ఇంక ఒక మనిషి బరువు చాలు. ఒకచోట అడుగు పొర కుంగితే, ఆ కుంగుడు కంటికి అందని వేగంతో వాలంతా పాకుతుంది. పైన అడ్డంగా పగులు తీసి పలక మొత్తం జారుతుంది.

లెక్క వేసి చూడండి. ముప్పై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు, అర మీటరు మందం. కొండ మీద ఇది చాలా చిన్న ముక్క. ఘనపు మీటరుకు రెండు వందల కిలోల చొప్పున వేసుకున్నా తొంభై టన్నులు. కొన్ని సెకన్లలోనే బండి వేగం అందుకుంటుంది. ఆగీ ఆగగానే బిగుసుకుపోతుంది, లోపల ఉన్న మనిషి వేలు కూడా కదపలేడు.

ఐరోపాలో, ఉత్తర అమెరికాలో సరదాకి మంచు మీదికి వెళ్లినవాళ్ల ప్రమాదాలను పరిశీలించినవాళ్లు చెప్పే మాట ఒకటుంది. మనుషులను చంపిన పలకల్లో పదింట తొమ్మిది, ఆ చిక్కుకున్నవాళ్లో వాళ్ల జట్టులోని మరొకరో కదిల్చినవే. కాబట్టి ఎక్కడ నడిచాం, ఎప్పుడు నడిచాం అన్నదే చాలావరకు తేల్చేస్తుంది. ఆ రెండూ మీ చేతిలో ఉన్నవి.

పలకలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల మధ్య వాలుల్లో. అంతకంటే తక్కువ వాలులో జారడం అరుదు, మరీ నిట్టనిలువుగా ఉన్నచోట మంచు పేరుకునేలోపే రాలిపోతుంది. ఫోన్‌లో కోణం కొలిచే యాప్‌తో ఎవరైనా చూసుకోవచ్చు. కానీ మనం నడిచే చోటు ఒక్కటే చూస్తే సరిపోదు. కింద చదునుగా ఉన్న మైదానంలో టెంట్లు వేసినా, పైన నిటారు వాలు ఉంటే అది దిగి వచ్చేది ఆ మైదానంలోకే. కొండవాగు కిందికి దిగివచ్చే చోట టెంట్లు, ఎదురుగా హిమశిఖరం. ఫొటో భలే వస్తుంది. రాత్రి మంచు కురిస్తే మాత్రం అక్కడ నిద్ర పట్టకూడదు.

ఇంకో రెండు గుర్తులు కొత్తవాళ్లకు కూడా నేర్పవచ్చు. నడుస్తుంటే కాళ్ల కింద 'వుంఫ్' అని బొంగురుగా శబ్దం వచ్చి మంచు కాస్త కుంగడం ఒకటి, పాదం దగ్గర నుంచి సన్నటి పగులు ముందుకు పాకడం రెండోది. అడుగు పొర కూలుతోందని కొండే చెబుతున్నట్టు లెక్క. వెంటనే వెనక్కి తిరగాల్సిన సమయం అది. తెలియనివాళ్లు ఆ శబ్దానికి నవ్వుకుని, ఇంకోసారి వస్తుందేమోనని గెంతుతూ రీల్ తీసుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం, ఎవరూ చెప్పలేదు కాబట్టి.

శిక్షణ ఉన్నవాళ్లకు ఏమీ కాదని కూడా అనుకోవద్దు. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ అడ్వాన్స్ కోర్సు జట్టు ద్రౌపది కా డాండా-2 మీద ఉండగా మంచు జారి 29 మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో సవితా కన్స్వాల్ ఒకరు. అదే ఏడాది ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కి వచ్చిన శిక్షకురాలు ఆమె. తాళ్లు, ఐస్ యాక్స్‌లు పట్టుకుని కోర్సులో ఉన్నవాళ్ల పరిస్థితే అది. నాలుగు రోజుల ముందు ఆఫీసులో లాప్‌టాప్ మూసి వచ్చిన మావాళ్ల మాటేంటి?

హెచ్చరికలు లేవా అంటే, ఉన్నాయి. హిమాలయాల్లో మంచు మధ్య ఉండే సైన్యం కోసం మొదలైన పని ఇది. 1969లో మనాలీలో పెట్టిన మంచు అధ్యయన సంస్థ, ఇప్పుడు చండీగఢ్‌లో డీఆర్‌డీఓ కింద డీజీఆర్ఈ పేరుతో పనిచేస్తోంది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కింద పది మంది జవాన్లు కూరుకుపోయినప్పుడు, అందులో మన కర్నూలు జిల్లా కుర్రాడూ ఉన్నాడు. అప్పుడు వార్తలు చూసిన ఇళ్లలో ఈ ప్రమాదం పేరు మొదటిసారి విన్నవాళ్లు ఎందరో. డీజీఆర్ఈ చలికాలంలో జిల్లాలవారీగా, ఎత్తులవారీగా రంగులతో హెచ్చరికలు ఇస్తుంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వాళ్ల 'సచేత్' యాప్‌లోనూ అవి వస్తాయి. 2025 ఫిబ్రవరి 27 సాయంత్రం ఉత్తరాఖండ్‌లో చమోలీతో పాటు మరికొన్ని జిల్లాల్లో 2,400 మీటర్లకు పైన ముప్పు ఉందని ఇచ్చారు. మర్నాడు పొద్దున్నే బద్రీనాథ్ దగ్గర మాణాలో రోడ్డు పనివాళ్ల క్యాంపు మీద మంచు విరుచుకుపడింది. 54 మందిలో 8 మంది చనిపోయారు.

హెచ్చరిక పుట్టిన చోటి నుంచి మనిషి నిలబడ్డ చోటికి రావడంలోనే ఉంది చిక్కంతా. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు నీళ్లలో కొట్టుకుపోయినప్పుడు కూడా పైన డ్యామ్ గేట్లు ఎత్తిన సంగతి వాళ్లకు తెలియదు. అది వేరే రకం ప్రమాదమే, కబురు అందకపోవడం మాత్రం ఒకటే. పైగా చాలా ట్రెక్కుల్లో రోడ్డు ఆగిపోయిన ఊరు దాటితే ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ కానీ ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటిది కానీ వాడితే మన దేశంలో కేసు అవుతుంది. (భద్రత కోసం పెట్టిన నిబంధన, కొండ మీద భద్రతకు అడ్డం పడటం ఒక విచిత్రం. దీని మీద మీరంతా కలిసి ప్రభుత్వాన్ని కదిలిస్తే మా సంతకాలు కూడా పెడతాం.) అంచేత బేస్ ఊళ్లో బయల్దేరే ముందు చూసిందే ఆఖరి సమాచారం. అది ఎవరు చూస్తున్నారు, చూసి జట్టుకు చదివి వినిపిస్తున్నారా?

జిల్లా మొత్తానికి ఒక రంగు ఇస్తే అది ఫలానా వాలుకు ఎలా వర్తిస్తుందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా మీ దగ్గరే ఉంది. సీజన్‌లో కేదార్‌కాంతకు బేస్ ఊరైన సాంక్రీ నుంచి ఒకే రోజు ఎన్ని కంపెనీల బ్యాచ్‌లు పైకి వెళ్తాయో, ఎన్ని దిగి వస్తాయో మీకు తెలుసు. దిగివచ్చిన ప్రతి ట్రెక్ లీడర్ తాను చూసింది నాలుగు ముక్కల్లో చెబితే చాలు. కొత్తగా ఎంత మంచు పడింది, ఏ వైపు వాలులో గాలి మంచును పేర్చింది, ఎక్కడైనా జారిన గుర్తులున్నాయా, కాళ్ల కింద శబ్దం వచ్చిందా. కెనడాలో మంచు మీద తిరిగే మామూలు జనమే తాము చూసింది ఫొటోలతో నమోదు చేస్తారు, హెచ్చరిక రాసేవాళ్లు దాన్ని వాడుకుంటారు. మనకు యాప్ కూడా అక్కర్లేదు, లీడర్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు చాలు. పోటీ కంపెనీవాడికి మన సమాచారం ఎందుకివ్వాలన్న లెక్క దయచేసి ఇక్కడ వద్దు.

గుంత తవ్వి పరీక్ష చేయడం కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. నడిచే దారికి దగ్గరగా, అదే దిక్కుకు, అదే వాలుగా ఉన్న చిన్న సురక్షితమైన చోట ముప్పై సెంటీమీటర్ల చదరపు స్తంభం ఒకటి చెక్కాలి. దాని నెత్తిన పార ఆనించి మణికట్టు ఊపుతో పది దెబ్బలు, మోచేతి ఊపుతో పది, భుజం నుంచి పది వేయాలి. నాలుగైదు దెబ్బలకే అడుగు పొర తెగి, పై ముక్క చెక్కుచెదరకుండా ముందుకు జారిందంటే ఆ రోజు ఆ వాలు జోలికి పోకూడదు. పరీక్షలో బాగా నిలబడినంత మాత్రాన కొండంతా బాగుందని అర్థం కాదన్నది కూడా లీడర్‌కి తెలిసుండాలి. ఆపడానికి ఈ పరీక్ష పనికొస్తుంది, పచ్చజెండా ఊపడానికి పనికిరాదు.

మీలో కొందరికి కోపం వచ్చే విషయానికి వస్తాను. ట్రెక్కు తేదీలు మన సెలవుల్ని బట్టి నెలల ముందే ఖరారవుతాయి. డబ్బు ముందే కట్టించుకుంటారు, రీఫండ్ ఉండదు. రెండు రోజులు మంచు కురిసి ఆగిన మర్నాడు, ఇంకో రోజు ఆగుదామంటే వెనక మరో బ్యాచ్ టెంట్ల కోసం కాచుకుని ఉంటుంది. జట్టులో ఇరవై మంది, "ఇంత దూరం వచ్చి సమ్మిట్ లేకుండా పోతామా" అని ముఖాలు మాడ్చుకుంటారు. వెనక్కి తిరుగుదామని చెప్పాల్సింది ఎవరు? రోజు కూలీ మీద వచ్చిన స్థానిక గైడ్. సమ్మిట్ అయితే టిప్పులు బాగా వస్తాయని, కాకపోతే రివ్యూలో తన పేరు పెట్టి తిడతారని అతనికి తెలుసు. మంచు గురించి అతనికి తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు, కానీ ఆ తెలివిని వాడుకునే స్వేచ్ఛ మనం అతనికి ఇవ్వలేదు. నేను మీ నుంచి కోరేది ప్రధానంగా ఇదే. వెనక్కి తిప్పే అధికారం గైడ్‌దని, ఆ రోజు అతని కూలిలో, టిప్పులో పైసా తగ్గదని, మంచు బాగోలేక ఆపితే ట్రెక్కర్‌కి ఇంకో బ్యాచ్‌లో సీటో, డబ్బులో కొంత భాగమో తిరిగి వస్తుందని బుకింగ్ పేజీలోనే రాయండి. మిగతావన్నీ దీని వెనక వస్తాయి. డబ్బు సంగతి తేలకుండా పరికరాలు ఎన్ని కొన్నా లాభం లేదు.

అర్ధరాత్రి దాటాక రెండున్నరకు లేపి సమ్మిట్‌కి బయల్దేరదీయడం గురించి ఒక్కమాట. ఏప్రిల్, మే నెలల్లో పాంగర్‌చుల్లాకో సార్ పాస్‌కో వెళ్లేటప్పుడు అది సరైన పని. రాత్రి గడ్డకట్టిన మంచు ఎండెక్కాక నీరు పట్టి జారడం మొదలుపెడుతుంది, అంతలోపే నిటారు వాలులు దాటేయాలి. ఆ సీజన్‌లో మధ్యాహ్నం పూట జనాన్ని వరసగా మంచు మీద కూర్చోబెట్టి జారనివ్వడం మాత్రం మళ్లీ ఆలోచించండి. నడి చలికాలంలో చీకట్లో నడిపించేది మటుకు సూర్యోదయం ఫొటో కోసమే. హెడ్‌ల్యాంప్ వెలుగులో ముందువాడి బూట్లు కనబడతాయి కానీ పైనున్న వాలు, దాని మీద రాత్రి పడ్డ పగులు కనబడవు. కొత్త మంచు పడ్డ రోజుల్లో వెలుగు వచ్చాక బయల్దేరితే పోయేదేముంది?

పూర్తిగా కూరుకుపోయిన మనిషిని పది నిమిషాల్లో బయటికి తీస్తే పది మందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటితే మూడో వంతు మంది కూడా దక్కడం కష్టం. ఎస్డీఆర్ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయక దళం) వాళ్లు ఎంత త్వరగా వచ్చినా గంటలు పడుతుంది. పక్కనున్నవాళ్లే తీయాలి. ట్రాన్స్‌సీవర్ (మంచు కింద ఉన్న మనిషి జాడ సిగ్నల్‌తో పట్టించే పరికరం), మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కర్ర, పార, ఈ మూడూ ప్రతి మనిషి దగ్గరా ఉంటేనే పని జరుగుతుంది. గైడ్ ఒక్కడి మెడలో ట్రాన్స్‌సీవర్ వేసి పోస్టర్‌లో 'సేఫ్టీ ఎక్విప్‌మెంట్' అని రాస్తే, అతన్ని వెతకడానికి మా దగ్గర ఏమీ ఉండదు, మమ్మల్ని వెతకడానికి అతనికి ఏమీ దొరకదు. అందరికీ కొనడం ఖర్చుతో కూడిన పని, ఒప్పుకుంటాను. అలా కొనలేని బ్యాచ్‌ని ముప్పై డిగ్రీలు దాటిన మంచు వాలు మీదికి తీసుకెళ్లకపోవడానికి మాత్రం ఖర్చేమీ లేదు. అడవి గుండా, గట్టు వెంట నడిచే సులువైన దారులు బోలెడున్నాయి. కేదార్‌కాంత మామూలు దారిలో చాలా భాగం అలాంటిదే, మంచి వాతావరణంలో జనాన్ని అక్కడికి వెళ్లొద్దని బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు.

మా అమ్మానాన్నల తరం ఫోన్ చేసి "స్వెటర్ వేసుకున్నావా, తిన్నావా" అని అడుగుతుంది. వాళ్లకు అంతకుమించి అడగడం తెలియదు. అడగాల్సినవి మేమే అడుగుతాం. మా ఆఫీసులో కొందరు జనవరికి ఎవరి బ్యాచ్‌లో చేరాలా అని చూస్తున్నారు. ఈ ఉత్తరంలోని ప్రశ్నలు వాళ్లకు ఇచ్చాను: హెచ్చరిక ఎవరు చూస్తారు, వెనక్కి తిప్పేది ఎవరు, తిప్పితే డబ్బు సంగతేంటి, దారిలో ముప్పై డిగ్రీలు దాటే వాలులు ఎక్కడున్నాయి. మీకు ఫోన్లు వస్తాయి. వాళ్లు అడ్వాన్స్ కట్టేది మీ జవాబులు విన్నాకే.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ట్రెక్కర్